చలివేంద్రపు అంబలికి నూరు లీటర్ల గుండిగ వలదు

రాబోవు వేసవిలో మన సంఘము పక్షమున సోమేనహళ్ళి బస్సులు నిలుచు చోట నడుపవలసిన చలివేంద్రమునకై నూరు లీటర్ల గుండిగ నొకదానిని కొనవలెనని కార్యవర్గ సమావేశమున ప్రతిపాదన వచ్చిన సంగతి సభ్యులందరకు తెలిసినదే. దాత సిద్ధముగా నున్నారు. సభ్యులలో పెక్కుమంది సుముఖముగానే యున్నారు. మేము మాత్రము ఆనాడు అభ్యంతరము చెప్పి, కారణములను మన వారపత్రికలో వ్రాసెదమని మాట యిచ్చి వచ్చితిమి. ఆ మాట చెల్లించుకొనుటకే ఈ నాలుగు ముక్కలు వ్రాయుచున్నాము.

మొదటనే ఒక విషయము స్పష్టము చేయవలసియున్నది. మేము పాత్రల వ్యాపారులము. గుండిగ ఎంత పెద్దదైన మాకంత లాభము. అందుచేత మేము చిన్న పాత్రను కోరుటలో స్వార్థము లేదని కొందరు మిత్రులు మెచ్చుకొనవచ్చును. ఒకటికి బదులు రెండు అమ్ముకొనుటకే ఈ యెత్తు వేసినారని మరికొందరు అనవచ్చును. ఇరువురకు ఒకటే సమాధానము: ఈ కొనుగోలు మా అంగడిలో జరుగరాదు. బాగేపల్లిలోనో చిక్కబళ్ళాపురములోనో మూడు అంగళ్ళలో ధర విచారించి సంఘము కొనవచ్చును.

ఇక గత వేసవిలో జరిగినది. ఆ దినము జాతరకు పోవు జనము ఎక్కువగా నుండిరి. మన పాత అల్యూమినియము గుండిగ 40 సెంటీమీటర్ల వెడల్పు, 40 సెంటీమీటర్ల లోతు గలది. అంచువరకు నింపిన 50 లీటర్లు పట్టును. ప్రతిదినము దానిలో 37 లీటర్ల అంబలి కాచెడివారము. ఆనాడు ఎండ చూచి, జనమును చూచి, ఇంకను పది లీటర్ల నీరు పోయించితిమి. పోయుమని చెప్పినవారము మేమే. 47 లీటర్లు పోసిన పిమ్మట అంచునకు మిగిలిన ఖాళీ ఒక్క అంగుళము మాత్రమే. పిండి కలిపి, మంట హెచ్చించి, మేము గ్లాసులు లెక్కించుకొనుచుంటిమి. తెడ్డు పట్టిన పిల్లవాడు పదునెనిమిదేండ్లవాడు. అంబలి ఒక్కసారిగా పొంగి గుండిగ నలువైపుల కారినది. పొయ్యి సగము ఆరినది. ఆ పిల్లవాని రెండు పాదములు కాలినవి. అతడు నెలదినములు చెప్పులు తొడుగలేకపోయెను. వైద్యపు ఖర్చు సంఘము భరించినదని జమాఖర్చు పుస్తకములో ఉన్నది. అతని తల్లి మమ్ము ఒక్కమాటయు అనలేదు. అనియుండిన మాకు కొంత తేలికగా నుండెడిది.

నూరు లీటర్ల గుండిగ ప్రతిపాదన ఆ ప్రమాదము నుండియే పుట్టినది. పాత్ర చిన్నదగుటచే పొంగినది గాన పెద్దది కొనవలెనని వాదము. వినుటకు న్యాయముగానే యున్నది. కాని పాత్ర చిన్నదగుటచే పొంగలేదు, నిండుటచే పొంగినది. 37 లీటర్లు పోసినన్నాళ్ళు అదే గుండిగ ఒక్కనాడును పొంగలేదు. నింపుటలో మితము తెలియని చేతికి నూరు లీటర్ల గుండిగ నిచ్చిన, జాతరనాడు అది 95 లీటర్లతో నిండును. అప్పుడు పొంగి పడునది చెంబెడు కాదు, బిందెడు.

ఈ సందర్భమున ఒక ముచ్చట చెప్పక తప్పదు. కొన్ని నెలల క్రిందట బెంగుళూరులో ఉద్యోగము చేయుచున్న మన ప్రాంతపు యువకుడొకడు మా అంగడికి వచ్చి, పాత్రలన్నియు తిరుగవేసి, జేబులోనుండి కొలటేపు తీసి లోపలి కొలతలు తీసికొనసాగెను. పాత్రను తట్టి చూచువారిని, తూచి చూచువారిని ఎరుగుదుముగాని, లోపల టేపు పెట్టువానిని మేము అంతకుముందు చూడలేదు.

“ఏమి తమ్ముడూ, పెండ్లి వంటకా?” అంటిమి.

“కాదన్నా, ఇంటిలో బీరు కాచుటకు,” అని అతడు నిస్సంకోచముగా చెప్పెను.

1965 నాటి కర్ణాటక ఎక్సైజు చట్టము ప్రకారము లైసెన్సు లేక మద్యము తయారుచేయరాదనియు, ఇంటిలో త్రాగుటకే అయినను ఆ నిబంధన తప్పదనియు మేము చెప్పితిమి. బెంగుళూరులో బీరు కాచి అక్కడనే పోయు హోటళ్ళు కలవు. అవి లైసెన్సు పుచ్చుకొన్నవి. అతడు కొంచెము చిన్నబోయెను. ఏమియు కొనకయే వెళ్ళిపోయెను. అయితే వెళ్ళుటకు ముందు తన లెక్క మాకు విప్పి చెప్పినాడు. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ గింజలను వేడినీట నానబెట్టి, వడగట్టి, ఆ రసమును గంటసేపు కాచవలెనట. ఇరువది లీటర్లు మిగులవలెనన్న, గంటలో మూడు నాలుగు లీటర్లు ఆవిరియగును గాన ఇరువదినాలుగు లీటర్లతో మొదలిడవలెను. తొలి పొంగునకు చోటు విడువవలెను. కావున ముప్పది లీటర్లకు తక్కువైన పాత్ర పనికిరాదు, ముప్పదియైదు అయిన నిశ్చింత. “మరి అంత పెద్ద పాత్ర కాగునట్టి పొయ్యి లేనివాడు?” అని అడిగితిమి. అట్టివాడు పది పన్నెండు లీటర్లలోనే రసమును చిక్కగా కాచి, తరువాత కాచి చల్లార్చిన నీటితో ఇరువదికి పెంచుకొనునట. “పాత్ర కంటె ముందు పొయ్యిని కొలవవలెనన్నా,” అని అతడు అన్న మాట మాకు నేటికిని జ్ఞాపకమున్నది.

మాకు బీరుతో పని లేదు. కాని ఆ రాత్రి లెక్కల పుస్తకము మూసిన తరువాత తోచినదేమనగా, బార్లీ స్థానమున రాగి నుంచిన, ఇది మన అవ్వలు చేసిన పనియే. రాగులను ఒక రాత్రి నానవేసి, గుడ్డలో మూటగట్టి మొలకెత్తించి, ఎండబెట్టి, దోరగా వేచి, మొలకలు రుద్ది తీసి విసరిన పిండితో కాచిన జావ పసిబిడ్డలకు పోయుట మన యిండ్లలో ఎంతకాలముగా నున్నదో చెప్పజాలము. తూర్పు ఆఫ్రికాలోని ఉగాండాలోను, మన దేశమున సిక్కిములోను ఈ రాగితోనే మత్తుపానీయము చేయుదురు. మనము మత్తువరకు పోక పులుపువద్ద ఆగితిమి. రాత్రి కాచి ఉంచిన అంబలి ఉదయమునకు సన్నగా పులియును. మజ్జిగ, ఉల్లి, ఉప్పు చేర్చిన ఎండకు అంతకుమించిన పానీయము లేదు.

ఇక మన లెక్క. సామాన్య దినమున మన చలివేంద్రమునకు 200 మంది వత్తురు. గ్లాసు పావులీటరు. అనగా 50 లీటర్లు. దీనిలో మజ్జిగ 10 లీటర్లు. అది చల్లారిన తరువాత కలుపునది, పొయ్యికి ఎక్కదు. కాచవలసినది 40 లీటర్లు. అరగంట కాగునప్పుడు ఆవిరియగు నీరు, తెడ్డునకు పాత్రకు అంటునది కలిపి మూడు నాలుగు లీటర్లు చేర్చుకొందము. 44 అయినది. రెండు గుండిగలలో సమముగా పంచిన, ఒక్కొక్కదానిలో 22.

మేము కోరునది 38 సెంటీమీటర్ల వెడల్పు, 36 సెంటీమీటర్ల లోతు గల రెండు గుండిగలు. ఒక్కొక్కటి అంచువరకు 40 లీటర్లకు కొంచెము పైన పట్టును. నాలుగింట మూడుపాళ్ళు నింపిన 30 లీటర్లు. సామాన్య దినపు 22 లీటర్లు దానిలో సగమునకు పైగా నుండును గాన పలుచని పొరగా అడుగున పరచుకొని మాడదు. జాతరనాడు 300 మంది వచ్చిన 75 లీటర్లు కావలెను. మజ్జిగ 15 పోగా 60. రెండు గుండిగలలో ముప్పదేసి. ఆవిరియైనదానికి బదులు కాచిన నీరు తరువాత చేర్చుకొన్న సరిపోవును. అంతకుమించిన జనము వచ్చిన ఏమి చేయవలెనని అడుగుదురు. చిక్కగా కాచవలెను, పిండి ఎక్కువ వేసి, నీటిని తరువాత కలుపవలెను. ఆ నీటిని పాత గుండిగలో విడిగా కాచి ఉంచుకొనవలెను. పచ్చినీరు మాత్రము అంబలిలో పోయరాదు. వేసవిలో కలరా, విరేచనములు వచ్చు దారి అదియే.

అంబలి ఇంతగా పొంగుటకు కారణమేమి? ఉత్త నీరు కాగునప్పుడు బుడగ పైకి వచ్చి పగిలిపోవును. పిండి ఉడికి జిగురుపట్టిన నీటిలో బుడగ పగులదు. ఒకదానిమీద నొకటి పేరుకొని నురుగై లేచును. పైన మీగడవంటి పొర కట్టినచో ఆవిరికి దారి లేక ఆ పొరనే ఎత్తుకొని లేచును. మూత పెట్టినచో మరింత త్వరగా. కావున నీరు వేడెక్కువరకే మూత. పిండి పడిన తరువాత మూత తీసి, తెడ్డు ఆడించుచుండవలెను. పిండిని చన్నీటిలో కలిపి పోయవలెనేగాని పొడిపిండి చల్లరాదు. ఈ సంగతులు మన ఆడవారికి మేము చెప్పవలసినవి కావు. గత వేసవిలో వారిని అడిగినవారము కాము, అంతే.

మొలకపిండితో ఇంకొక సౌకర్యము కలదు. గింజ మొలకెత్తునప్పుడు పిండిపదార్థమును కరగించు శక్తి యొకటి దానిలో పుట్టును. దానిని శాస్త్రజ్ఞులు అమైలేసు అందురు. మొలకపిండి కలిపిన నీటిని 60, 70 డిగ్రీల వేడిలో కొంతసేపు, అనగా వ్రేలు పెట్టలేనంత వేడిగాని తెరలని స్థితిలో, నిలిపినచో చిక్కని జావ తానే పలుచనగును. తెరలనిచ్చిన ఆ శక్తి నశించును. బీరు కాచువారు గింజను నానబెట్టునది ఈ వేడిలోనే. పలుచనైన జావలో మరింత పిండి చేర్చవచ్చును గనుక అదే గ్లాసులో బలము ఎక్కువ పట్టును. మైసూరులో 1950లో స్థాపింపబడిన కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధనా సంస్థవారు శిశువుల ఆహారమునకై మొలకరాగి మీద ఎంతయో పరిశోధన చేసిరి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2023 మార్చిలో బడిపిల్లలకు రాగిజావ పోయుట ఆరంభించినది; కర్ణాటక ప్రభుత్వము 2024 ఫిబ్రవరిలో వారమునకు మూడు దినములు పాలలో రాగి మాల్టు కలిపి యిచ్చు పథకము ప్రారంభించినది. దానికి చేయూతనిచ్చిన శ్రీ సత్యసాయి అన్నపూర్ణ ట్రస్టు మన జిల్లాలోని ముద్దేనహళ్ళిది. నూరు గ్రాముల రాగులలో 340 మిల్లీగ్రాములకు పైగా సున్నము కలదు. బియ్యములో దానిలో పదవ వంతయు లేదు. అయిదారేండ్లుగా పట్టణములలో రాగికి వచ్చిన గౌరవము చూచి మా తాతగారు ఉండిన నవ్వియుండెడివారు. ఆయన కాలమున ఇంటికి చుట్టము వచ్చిన ముద్దను దాచి అన్నము పెట్టెడివారు.

మన చలివేంద్రమున పిండిలో నాలుగవ వంతయినను మొలకపిండి ఉండవలెనని మా మనవి. దానికిని వేడిని అదుపులో నుంచుకొనగల పాత్ర కావలెను. నూరు లీటర్ల గుండిగలో అడుగు తెరలుచుండగా పైభాగము గోరువెచ్చగా నుండును. తెడ్డు అడుగునకు చేరదు. నలువది లీటర్ల గుండిగను ఒక్క మనిషి రెండు చేతులతో కలియబెట్టవచ్చును.

పొయ్యి సంగతి. నలువది లీటర్ల నీటిని తెరలువరకు తెచ్చుటకు సుమారు 12,500 కిలోజౌళ్ళ వేడి కావలెను. కిలో వంటగ్యాసులో సుమారు 46,000 కిలోజౌళ్ళున్నవి; దానిలో సగము పాత్ర ప్రక్కలనుండి గాలిలో కలియునని అనుకొన్న, అరకిలోకు పైగా గ్యాసు. ఇంటిపొయ్యి మీద దీనికి మూడు గంటలు పట్టును. హోటలువారి భట్టీపొయ్యి మీద గంటలోపల అగును. మనకున్నవి రెండు నడితరపు పొయ్యిలు. రెండు గుండిగలైన రెండును వెలుగును; ఒకే పెద్ద గుండిగ అయిన ఒకటి వెలుగును, రెండవది చూచుచుండును. పెద్దదానికై భట్టీపొయ్యి కొనవలెను, 19 కిలోల వాణిజ్య సిలిండరు తెప్పింపవలెను. ఇంటి సిలిండరును ఇట్టి పనికి వాడుట నిబంధనలకు విరుద్ధమని కూడ ఈ సందర్భమున గుర్తుచేయుచున్నాము. గతమున ఏమి జరిగినదో అందరకు తెలిసినదే. నీలగిరి కట్టెలు మన ప్రాంతమున కావలసినన్ని దొరకును గాని బస్సులు నిలుచు చోట పొగపెట్టుట మర్యాద కాదు.

బరువును గూర్చి ఎవరును ఆలోచించినట్లు లేదు. నలువది లీటర్ల గుండిగలో ముప్పది లీటర్ల అంబలి, పాత్ర బరువుతో కలిపి 35 కిలోలు. ఇద్దరు చెరియొక చెవి పట్టి దింపవచ్చును. నూరు లీటర్లదానిలో నాలుగింట మూడుపాళ్ళు పోసిన 85 కిలోలు. మరుగుచున్న ఎనుబదియైదు కిలోలను పొయ్యిమీదినుండి ఎవరు దింపుదురు? దింపనక్కరలేదు, పొయ్యిమీదనే ఉంచి ముంచుకొందమని ఒక మిత్రుడు చెప్పినాడు. ఉంచినచో చల్లారదు. పెద్దరాశి మధ్యభాగమున వేడి రాత్రి యంతయు నిలుచును; ఆ గోరువెచ్చదనములో పులుపు అదుపు తప్పి, తెల్లవారునప్పటికి అంబలి త్రాగుటకు వీలులేని కంపు కొట్టును. చిన్న గుండిగలను నీళ్ళ తొట్టిలో కూర్చుండబెట్టిన గంటలో చల్లబడును.

అన్నిటికంటె ముఖ్యముగా చెప్పవలసినది నీటిని గూర్చి. ఉత్తర పినాకిని, చిత్రావతి, పాపఘ్ని ఈ నందికొండల ప్రాంతమున పుట్టినవే అయినను మనకు ఏడాది పొడుగునను పారు నది యొకటియు లేదు. చెరువులు ఎండిన యేడు బోరుబావులే గతి. గుడిబండ, బాగేపల్లి ప్రాంతపు లోతుబోర్ల నీటిలో పెక్కుచోట్ల ఫ్లోరైడు మితిమించి యున్నదని అందరు ఎరిగినదే. పండ్ల మీద గోధుమరంగు చారలు గల పిల్లలను మన వీథులలోనే చూచుచున్నాము. త్రాగునీటిలో లీటరునకు ఒకటిన్నర మిల్లీగ్రాముకు మించరాదని నిర్ణయము. నీటిని కాచిన క్రిములు చచ్చును గాని ఫ్లోరైడు పోదు. పోకపోగా, నీరు ఆవిరియై అది మిగిలి మరింత చిక్కనగును. నలువది లీటర్లు ముప్పదియారు అయినప్పుడు, ఒకటిన్నర మిల్లీగ్రాములుండినది సుమారు 1.67 మిల్లీగ్రాములగును. వెడల్పాటి పాత్రలో, మూతలేక, గంటలకొలది కాచుట ఈ ప్రాంతమున మంచిది కాదనుటకు ఇదియొక కారణము. చలివేంద్రమునకు బోరునీరు వాడక, శుద్ధజల కేంద్రమునుండి డబ్బాలలో తెప్పింపవలెను. ఖర్చు కొంచెమే. గుండిగ మీద మిగిలిన సొమ్ములో ఇది యొక వేసవికి సరిపోవును.

లోహమును గూర్చి వ్యాపారిగా రెండు మాటలు. అల్యూమినియము వేడిని స్టెయిన్లెస్ స్టీలు కంటె పది పదునైదు రెట్లు చక్కగా పంచును. అందుచే దళసరి అడుగు గల అల్యూమినియము గుండిగలో అంబలి మాడదు, పలుచని స్టీలు గుండిగలో మంట తగిలిన చోటనే నల్లని బిళ్ళ కట్టును. కాని పులుపు అల్యూమినియమునకు పనికిరాదు, దానిని తినివేయును. కళాయి లేని ఇత్తడికి అసలే పనికిరాదు, కళాయి వేయువాడు మన యూరికి వచ్చి ఎన్నేండ్లయినదో జ్ఞాపకము లేదు. కావున కాచుట అల్యూమినియములో, పులియబెట్టుట, మజ్జిగ కలుపుట స్టీలులోగాని మట్టి బానలోగాని. మట్టిబాన అయిన చల్లదనము అదనము. కొనునప్పుడు అంగడివాడు చెప్పు లీటర్లు అంచువరకని గ్రహింపుడు. మేమును అట్లే చెప్పుదుము. నమ్మకమున్నను లేకున్నను లీటరు చెంబుతో నీరు పోసి కొలుచుకొనుట మేలు.

పెద్ద గుండిగను పెండ్లిండ్లకు అద్దెకిచ్చి సంఘమునకు ఆదాయము తేవచ్చునని కోశాధికారిగారు అన్నారు. వారి శ్రద్ధను మెచ్చుకొనవలసినదే. కాని వైశాఖ జ్యేష్ఠములే పెండ్లిళ్ళ కాలము. చలివేంద్రపు కాలమును అదియే. అద్దెకు పోయిన గుండిగ సరిగా జాతర ముందరి దినమున తిరిగి రాదు. వచ్చినను చెవియూడి వచ్చును. అద్దె పాత్రల అనుభవము మాకు ఇరువదియేండ్లది.

దాతగారి అభిలాష ఒకటి మిగిలినది. వారు పెద్దలు, ఉదారులు. గుండిగపై తమ తండ్రిగారి పేరు చెక్కింపవలెనని వారి కోరిక. పెద్ద గుండిగ అయిన దూరమునుండి కనబడునని అనుకొనుచున్నారు. రెండు గుండిగలైన ఆ పేరు రెండుమారులు చెక్కవచ్చును. ఒకదానిపై తెలుగున, రెండవదానిపై కన్నడమున చెక్కించిన మరింత శోభగా నుండును. మన చలివేంద్రమునకు వచ్చువారు ఉభయభాషలవారును గదా. వారు హండె అనుదానిని మనము అండా అందుము. ముద్దె, ముద్ద అని కొంచెము భేదము. అంబలి మాత్రము ఇరువురకు అంబలియే. అల్పసంఖ్యాకుల సంఘమని బోర్డు కట్టుకొన్న మనము వేసవిలో దాహమిచ్చునప్పుడు త్రాగువాని భాష అడుగలేదు, అడుగబోము. గత వేసవిలో పాదములు కాలిన పిల్లవాడు కన్నడపు ఇంటివాడే. పిలువకయే వచ్చి తెడ్డు పట్టినాడు.

ఆదివారము సర్వసభ్య సమావేశము జరుగును. ఆనాడు మా అంగడినుండి నలువది లీటర్ల గుండిగ యొకటి, నూరు లీటర్లది యొకటి తెచ్చి సభామందిరపు ముంగిట ఉంచెదము. అమ్ముటకు కాదు, చూచుటకు. రెంటిని నాలుగింట మూడుపాళ్ళు చన్నీటితో నింపించెదము. పెద్దది కావలెనను మిత్రులు ఇద్దరు దానిని గడపదాటించి లోనికి తెచ్చిన, మేము మా అభ్యంతరమును ఉపసంహరించుకొందుము. లోపలి గోడపై 27 సెంటీమీటర్ల యెత్తున గీత యొకటి గీయించి తెచ్చెదము. ఏ గుండిగ కొన్నను, చిన్నదైనను పెద్దదైనను, నాలుగింట మూడుపాళ్ళ వద్ద అట్టి గీత చెక్కించి, దానిని దాటి ఎవరును పోయరాదని తీర్మానము వ్రాయవలెనని మా సవరణ. ఆ పిల్లవానిని, అతని తల్లిని కూడ సమావేశమునకు రమ్మని కబురు పంపితిమి. తల్లి వచ్చెదనన్నది. అంబలి కాచుట తనకు వదలుమనియు, లెక్కలు మాత్రము మమ్ము చూచుకొనుమనియు కబురు తెచ్చినవానితో చెప్పి పంపినది.